నీలం బాపు

ఇబ్రహీంపట్నం,
1947 జూలై

తమ్మి హన్మంతూ,

బొంబాయి పోయినవాడు అక్కకు నాలుగు ముక్కలు రాస్తే చెయ్యి అరిగిపోతుందా? నాకు అక్షరాలు నేర్పింది నువ్వే కదా అని ఓపిక పట్టాను. ఇక పట్టను.

పని పడి రాస్తున్నాను. నా బిడ్డ యాది నడుస్తోంది, మాటలు కూడా వస్తున్నాయి. వచ్చిన చిక్కు ఏమిటంటే, మీసం ఉన్న ప్రతివాడూ దానికి బాపే. గాజులమ్మేవాణ్ణి బాపూ అంటుంది, టపావాణ్ణి బాపూ అంటుంది. నిన్న మన ముత్యాలు తాత గొర్రెలు తోలుకొని పోతుంటే కాళ్ళు చుట్టేసి వదల్లేదు. ఆయన నవ్వి, "నీ బాపు నా అసొంటి ముసలోడా బిడ్డా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం లోపలికి పోయి తలుపు వేసుకోవాలనిపించింది.

మీ బావ పని మీద ఊళ్ళు తిరుగుతున్నాడు. ఎప్పుడు వస్తాడో చెప్పలేను. ఇంట్లో ఫొటో లేదు. పట్నం పోయినప్పుడల్లా దిగుదాం అంటే, పంట చేతికి రానీ, కొత్త అంగీ తొడుక్కుని దిగుతా అనేవాడు. పంట వచ్చింది, అంగీ కుట్టించాడు, ఫొటో మాత్రం దిగలేదు.

నువ్వు సినిమా బోర్డుల మీద రాజులనూ రాణులనూ దించుతావట కదా. మీ బావ ముఖం ఒకటి దించి పంపు. యాదికి చూపించి, గీయన నీ బాపు అని చెప్పుకుంటాను. దాని యాదిలో ఆయన ముఖం నిలవాలి, అంతే. ఇంకేమీ అడగను.

నీ అక్క,
ఇంద్రమ్మ


బొంబాయి, పరేల్,
1947 సెప్టెంబరు

అక్కా,

తిట్లు అందాయి. నీ చేతిరాత నా రాతకంటే గుండ్రంగా ఉందని మా గదిలో అందరికీ చూపించాను.

పగలు బోర్డులు రాస్తున్న మాట నిజమే. సాయంత్రాలు మాత్రం వేరే లోకం. మేం కొందరం కుర్రాళ్ళం ఒక గుంపుగా చేరాం. ఒకడు బొగ్గుతో ఊరంత గోడ నింపుతాడు, ఒకడు ఆవును ఎర్రగా వేస్తాడు. పోయిన నెల మా బొమ్మలన్నీ ఒక హాల్లో పెట్టాం. ఒక పెద్దమనిషి నా బొమ్మ ముందు గొడుగు ఎత్తి, "ఇది మనిషిని అవమానించడం" అని కేకలు వేశాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. రాజుల బొమ్మలు చూసి ఎవరైనా గొడుగు ఎత్తుతారా?

ఉన్నదాన్ని ఉన్నట్టు దించడం కెమెరా పని అక్కా. మనిషి లోపల ఏం తిరుగుతుందో అది వెయ్యాలి. ఆ పనికి వీరస్వామి బావ కంటే మంచి ముఖం నాకు ఎవరిది దొరుకుతుంది? రాత్రీ పగలూ కూర్చుని వేశాను. నేను ఇప్పటిదాకా వేసినవాటిలో ఇదే గొప్పది. హాల్లో పెట్టమన్నారు, పెట్టలేదు. ఇది నా మేనకోడలిది.

రేకు గొట్టంలో చుట్టి పంపుతున్నాను. విప్పేటప్పుడు మడత పెట్టకండి. గోడకు వెలుతురు తగిలేచోట పెట్టి, కొంచెం దూరం జరిగి చూడండి. అత్తమ్మ ఏమన్నదో తప్పకుండా రాయి.

నీ తమ్ముడు,
హన్మంత్


ఇబ్రహీంపట్నం,
1947 నవంబరు

హన్మంతూ,

మా అత్త ఏమన్నదో రాయమన్నావు కదా, రాస్తాను, విను.

గొట్టం విప్పుతుంటే వాడకట్టు అంతా చేరింది. నేనే గొప్పగా పిలిచాను, నా తమ్ముడు బొంబాయి నుంచి పటం పంపాడని. విప్పాను. నీలం ముఖం. ముక్కు ఒక చెంప మీదకు జరిగి ఉంది. ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి. ఒకటి నవ్వుతోంది, ఒకటి ఏడుస్తోంది. మూతి వంకర.

మా అత్త ఎంకమ్మ కాసేపు చూసి, "గీడెవడే?" అన్నది. మీ కొడుకే అన్నాను. "నా కొడుకును గిట్ల జేసిండేంది? నీ తమ్మునికి కండ్లు గిన పోయినయా? నేను గన్నప్పుడు గీ ముక్కు సక్కగనే ఉండె గద!" అని కొంగు నోట్లో పెట్టుకుంది. ముత్యాలు తాత నువ్వు చెప్పినట్టే దూరం జరిగి చూశాడు. ఇంకా జరిగాడు. "ఎంత దూరం పోయినా గట్లనే ఉన్నది బిడ్డా" అన్నాడు. మిషన్ దవాఖానలో పనిచేసే ప్రేమమ్మ ఒక్కతే, "ఏదో బాధల ఉన్నట్టున్నది పాపం" అన్నది. ఆమెకు రోగులను చూసి చూసి జాలి ఎక్కువ.

నేను ఒక ముఖం అడిగాను తమ్మీ. చిన్నపిల్ల చూసి పోల్చుకునే ముఖం. నీ గొప్పతనం అడగలేదు. గొడుగు ఎత్తిన ఆ పెద్దమనిషి ఎవరోగానీ, నేను ఉంటే ఆయనకు ఇంకో గొడుగు ఇచ్చేదాన్ని. మీ బావ ఏడవగా నేను ఎన్నడూ చూడలేదు. ఆయన తండ్రి పోయినప్పుడు కూడా ఏడవలేదు. నువ్వు ఎక్కడ చూశావు ఆ కన్ను?

బట్ట గట్టిగా ఉందని మా అత్త దాన్ని చట్రానికి కొట్టించి జొన్నల గుమ్మికి మూతగా పెట్టింది. రంగు లోపలివైపు పెట్టమంటే, జొన్నలకు దిష్టి తగుల్తది అని పైవైపే పెట్టింది.

మామూలు ముఖం ఒకటి దించి పంపు. తొందరగా పంపు.

ఇంద్రమ్మ


బొంబాయి,
1948 జనవరి

అక్కా,

గుమ్మికి మూత. బాగుంది. నేను చేసిన పనికి ఇంతకంటే గౌరవం ఎవరూ చేయలేదు.

ఆ కన్ను ఎక్కడ చూశావని అడిగావు. నేను ఊరు విడిచిన రోజు చూశాను. బొమ్మలేసి బతుకుతానంటే ఇంట్లో ఎవరూ ముఖం చూడలేదు, నువ్వు కూడా. బావ ఒక్కడే నాతో తుర్కయాంజాల్ దాకా నడిచి బస్సు ఎక్కించాడు. పేలాల మూట చేతిలో పెట్టి, "పో, నువ్వన్న నీ మనసుకు నచ్చింది జెయ్" అని నవ్వాడు. బస్సు కదిలేటప్పుడు వెనక్కి చూశాను. నవ్వుతూనే ఉన్నాడు, ఒక కంట్లో నీళ్ళు కారుతున్నాయి. తన మనసుకు నచ్చింది ఏదో ఆయనకూ ఉంది, చెయ్యలేక నిలబడ్డాడని నాకు అప్పుడు అనిపించింది. ఇన్నేళ్ళు కాపురం చేసి నువ్వు చూడలేదంటే నేనేం చెయ్యను?

మామూలు ముఖం నేను వెయ్యను. అది కావాలంటే బావను పట్నం తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో దింపించు. అదేమంత పెద్ద పని? ఎన్నాళ్ళని ఊళ్ళు తిరుగుతాడు? మొగుణ్ణి ఇంటి పట్టున ఉంచుకోవడం నీ చేతిలో పని. నా మీద అరవడం ఎందుకు?

హన్మంత్


ఇబ్రహీంపట్నం,
1948 ఏప్రిల్

తమ్మీ,

ఈ ఉత్తరం టపాలో వెయ్యడం లేదు. ప్రేమమ్మ బొంబాయిలో నర్సు ట్రైనింగుకు పోతోంది, ఆమె చేతికి ఇస్తున్నాను. చదివి కాల్చెయ్యి.

మొగుణ్ణి ఇంటి పట్టున ఉంచుకొమ్మని రాశావు. మూడు రోజులు అన్నం సయించలేదు. తప్పు నాదే, నీకు చెప్పలేదు. మీ బావ నిజాం మీద, దొరల మీద కొట్లాడే దళంలో ఉన్నాడు. యాది పాకే వయసులో పోయాడు. ఆ తర్వాత రెండుసార్లు పొలం గట్టు మీద చీకట్లో చూశాను, అంతే. బిడ్డను చూపించే వీలు కాలేదు. ఫొటో లేదని నేను ఏడుస్తున్నాను కానీ, లేకపోవడమే మా అదృష్టమని ఇప్పుడు తెలిసింది.

పోయిన నెల పోలీసు అమీను రజాకార్లను వెంటబెట్టుకొని వచ్చాడు. ఇల్లంతా తిరగేశారు. నీ మొగని పేరు చెప్పమన్నాడు. ఆడది మొగుడి పేరు ఎట్లా చెప్తుంది, నోట రాదు సర్కార్ అన్నాను. ఫొటోగానీ తస్వీర్ గానీ ఉందా అన్నాడు. లేదన్నాను. అంతలో యాది గుమ్మి దగ్గరకు పరుగెత్తి, మూత మీద చెయ్యి కొట్టి "బాపు!" అన్నది. దానికి రోజూ అదే ఆట తమ్మీ. నీ బొమ్మకు అంబలి తాగిస్తుంది, మూతి నిండా ఎండిపోయిన జొన్న పిండి. మా అత్తే నేర్పింది. పైకి తిడుతుంది గానీ, వేరే ముఖం లేక దాన్నే చూపించి బాపు అనిపించింది.

నా ప్రాణం పోయింది. అమీను మూత తీసి వెలుతురులో పెట్టి చూశాడు. "ఏ కౌన్ హై? ఆద్మీయా, జానవరా?" అన్నాడు, ఎవడు వీడు, మనిషా జంతువా అని. మనిషి పోలిక ఎంతో కొంత ఉంటుందనుకున్నాడేమో, పట్టుకొని పోయాడు. తుర్కయాంజాల్‌లో చూపించాడట, కందుకూరులో చూపించాడట. గీ మనిషిని చూసినవా అని అడిగితే కందుకూరులో ఒకడు, "సూస్తే గిక్కడ ఎందుకుంటం సర్కార్? ఉర్కి పోతుంటిమి" అన్నాడట. తిరిగి తిరిగి విసిగిపోయి, మొన్న మా గడప ముందు పారేసి, "నీ తమ్ముడు పాగల్ గాడు" అని తిట్టి పోయాడు.

ఆ పాగల్‌తనమే మీ బావను కాపాడింది. నువ్వు మామూలు ముఖం పంపి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే వణుకు వస్తోంది. అయినా నిజం చెప్పాలా? బొమ్మ మీద కోపం ఇంకా పోలేదు. నా బిడ్డ గుమ్మి మూతను బాపూ అని ముద్దుపెట్టుకుంటుంటే చూడలేకపోతున్నాను.

ఇకమీదట టపాలో రాస్తే, మీ బావ పనికి పూణె పోయాడని రాస్తాను. నువ్వూ అట్లాగే రాయి.

అక్క


బొంబాయి,
1948 అక్టోబరు

అక్కా,

ఈ ఆరు నెలలూ ఏమీ రాయలేకపోయాను. రాయడానికి కూర్చుంటే ఆ మాటే కనిపించేది, మొగుణ్ణి ఇంటి పట్టున ఉంచుకో అని నేను రాసింది. క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదు.

ఇప్పుడు అడుగుతాను, క్షమించు. ఇక్కడ పత్రికలన్నిట్లో ఒకటే వార్త. మిలిటరీ వచ్చింది, నిజాం లొంగిపోయాడు, రజాకార్లు చెదిరిపోయారు. పరేల్‌లో మన తెలుగు మేస్త్రీలు వీధుల్లో బెల్లం పంచారు. పూణెలో పని కూడా అయిపోయినట్టే కదా అక్కా? ఇంక ఇంటికి రావచ్చు కదా?

నువ్వు అడిగిన ముఖం వేశాను. నవ్వకు, మామూలుగా వెయ్యడం మర్చిపోయాను. కుదరక నాలుగు కాగితాలు చించాను. ఐదోసారి కుదిరింది. ఎడమ కనుబొమ్మ మీద గాటు, కింది పెదవి మీద పుట్టుమచ్చ, చెవి వెనక బీడీ, అన్నీ ఉన్నాయి. సెలవు మీద వస్తున్న ప్రేమమ్మ చేతికి ఇస్తున్నాను. ఆమె చూసి, "గిప్పుడు మనిషైండు" అన్నది.

యాదికి చూపించు. ఆ నీలం బొమ్మను పొయ్యిలో పెట్టినా నేను ఏమీ అనుకోను.

నీ తమ్ముడు,
హన్మంత్


ఇబ్రహీంపట్నం,
1948 డిసెంబరు

తమ్మీ,

పటం అందింది. చాలా బాగా కుదిరింది. చెవి వెనక బీడీ చూసి నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. తలుపు వేసుకొని కాసేపు దానితో మాట్లాడాను. కోపంగానే మాట్లాడాను. తర్వాత పొయ్యిలో పెట్టాను.

అంత బాగా కుదిరింది కాబట్టే పెట్టాను. రజాకార్లు పోయిన మాట నిజమే. ఊళ్ళో మిలిటరీ క్యాంపు పడింది. వీళ్ళ దగ్గర కూడా పాత పేర్లే ఉన్నాయి, పాత ప్రశ్నలే అడుగుతున్నారు. పూణె పని అయిపోలేదు. ఆయన రాలేదు.

యాది చూడకముందే కాలిపోయింది. మా అత్త చూసింది. బూడిద తీసి చెట్టుకు వెయ్యబోతే వద్దని, పొయ్యిలోనే ఉంచమన్నది.

నీలం బొమ్మ గుమ్మి మీదనే ఉంది. ఇప్పుడు యాది గాజులవాణ్ణీ టపావాణ్ణీ బాపూ అనడం లేదు. ఎవరు కనబడినా, "మా బాపు నీలం ఉంటడు" అని చెబుతుంది.

అక్క


బొంబాయి,
1949 ఆగస్టు

అక్కా,

కుదురుగా ఉండలేకపోతున్నాను. పోయిన వారం మళ్ళీ హాల్లో బొమ్మలు పెట్టాం. కాఫీలు తాగుతూ అందరూ కొత్త బొమ్మల గురించి వాదించుకుంటున్నారు. ఊరివాళ్ళకు ఇవి అర్థం కావు అని ఒకడు అంటే, నేను అమీను కథ చెప్పాను, పేర్లు లేకుండా. పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకోసారి చెప్పమన్నారు. కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను. బయటికి వచ్చి ట్రాం ఎక్కి, ఎక్కడికి పోతున్నానో తెలియకుండా చివరిదాకా పోయాను.

ఆ బొమ్మ వేసినప్పుడు బావ కష్టం నాకు అర్థమైందనుకున్నాను. ఏం అర్థమైంది? ఒక బస్సు కిటికీ నుంచి చూసినంత. దానికి రంగులు పూసి గొప్పవాణ్ణి అనుకున్నాను. ఇప్పుడు కుంచె పడితే ముఖం రావడం లేదు. బోర్డుల మీద రాణులకు నగలు వేసి బతుకుతున్నాను.

పూణె నుంచి కబురు ఏదైనా ఉంటే రాయి. మంచిదైనా, కాకపోయినా రాయి.

హన్మంత్


ఇబ్రహీంపట్నం,
1950 మార్చి

తమ్మీ,

మేమంతా క్షేమం. మన ఊళ్ళో ఒక సంగతి జరిగింది, అది రాద్దామని కూర్చున్నాను.

పోయిన వారం క్యాంపువాళ్ళు గుట్టల దిక్కు నుంచి ఒక పరాయి మనిషిని పట్టుకొచ్చారు. పేరు కాశయ్య అని, కూలికి పోయేవాడినని చెబుతున్నాడట. వాళ్ళు నమ్మలేదు. వాళ్ళు వెతుకుతున్న మనిషి మన ఊరివాడట. అతనేనని ఒక్కరు చెబితే చాలు, తిరిగి గుట్టలకు తీసుకుపోతారు. అట్లా తీసుకుపోయినవాళ్ళు ఎవరూ రాలేదని నీకూ తెలుసు.

చావడి ముందు నిలబెట్టి ఊరందరినీ వరుసగా పిలిచారు. ముత్యాలు తాత, ఈ మనిషిని ఎన్నడూ చూడలేదన్నాడు. పటేలు కళ్ళజోడు తుడుచుకొని, "నాకు సాఫ్ కనబడ్తలేదు" అన్నాడు. మా అత్తను పిలిచారు. ఆమె దగ్గరికి పోయి, కిందినుంచి పైదాకా చూసి, "నా కొడుకు గింత బక్కగ ఉండడు సారూ" అన్నది. అని వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుంటే మంచు గడ్డ లాగా ఉంది. నన్ను అడిగితే, కాడు అన్నాను. ఆ ఒక్క మాట అన్నాను తమ్మీ, ఎట్లా అన్నానో నాకే తెలియదు.

అప్పుడు ఆ అఫ్సర్ యాదిని పిలిచాడు. పిల్లలు అబద్ధం చెప్పరు కదా అన్నాడు. చేతిలో బిస్కెట్ పెట్టి, గీయన నీ బాపేనా అని తెలుగు మాట్లాడేవాడితో అడిగించాడు. యాది ఆ మనిషి ముందుకు పోయి నిలబడింది. బిస్కెట్ తింటూ చూసింది. "కాడు" అన్నది. మరి నీ బాపు ఎట్లుంటడు అని అడిగారు. అది ఇంట్లోకి ఉరికి, గుమ్మి మూతను దుమ్ములో ఈడ్చుకుంటూ తెచ్చి, ఆ మనిషి పక్కన నిలబెట్టింది. "గిదీ మా బాపు" అన్నది.

అందరూ నవ్వారు. అఫ్సర్ టోపీ తీసి మరీ నవ్వాడు. నవ్వనిది మేం ఇద్దరం అత్తాకోడళ్ళమే. ఎందుకో చెబుతాను విను.

ఆ మనిషిని బాగా కొట్టారు. ముఖమంతా కమిలి నీలంగా ఉంది. ముక్కు విరిగి ఒక చెంప మీదకు జరిగింది. మూతి వాచి వంకర పోయింది. పక్కనే నీ బొమ్మ. ఒక్కడు సరిగ్గా చూస్తే చాలు అనుకున్నాను. ఎవరూ చూడలేదు. వాళ్ళంతా బొమ్మను చూసి నవ్వుతున్నారు, మనిషి దిక్కు చూసేవాళ్ళు లేరు.

ఆ మనిషి మాత్రం యాదినే చూస్తున్నాడు. అది మూతికి అంటిన జొన్నపిండి గోటితో గీకి, బిస్కెట్ ముక్క పెడుతోంది, బొమ్మకు. ఆ మనిషి కన్ను ఒకటి వాచి సగం మూసుకుపోయింది, దాంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. రెండో కన్ను నవ్వుతోంది. నిజంగా నవ్వుతోంది తమ్మీ. నేను అటువంటి ముఖం ఉండదని నీతో ఎంత కొట్లాడాను. ఆ కన్ను ఎక్కడ చూశావని అడిగాను. ఇప్పుడు నేనూ చూశాను.

కాశయ్య అనే పేరుతోనే అతన్ని పట్నం జైలుకు పంపారు. బతికి ఉన్నాడు. కొన్నేళ్ళకు వదిలేస్తారని అంటున్నారు.

ఇప్పుడు నాకు ఇంకో పని చేసిపెట్టు. పూణె పోయిన మీ బావ ఎన్నడో ఒకనాడు తిరిగి వస్తాడు. వచ్చిన మనిషి నీలంగా ఉండడు. యాది చూసి, నువ్వు మా బాపువు కావు పో అంటుంది. మొన్న ఒక పరాయి మనిషిని అన్నది, సరే. రేపు ఇంటికి వచ్చినాయనను అంటే ఆయన తట్టుకోలేడు, నేనూ తట్టుకోలేను.

అందుకని మళ్ళీ కుంచె పట్టు. ఇదే బొమ్మ ఇంకోటి వెయ్యి, నీలం జర తగ్గించి. తర్వాత ఇంకోటి పంపు, ఇంకొంత తగ్గించి. దెబ్బ మానుతుంటే రంగు ఎట్లా పోతుందో అట్లా తగ్గించుకుంటూ రా. ముక్కును మెల్లగా దాని చోటికి జరుపు. మూతి సరిచెయ్యి, పెదవి మీద పుట్టుమచ్చ పెట్టు. తొందరపడకు, బిడ్డకు తేడా తెలియకూడదు. ఆయన గడప ఎక్కేనాటికి గుమ్మి మీది బొమ్మ, ఆయన ముఖం ఒక్కటై ఉండాలి.

కళ్ళు మాత్రం ముట్టకు. అవి అట్లాగే ఉండనీ.

నీ అక్క,
ఇంద్రమ్మ